ముప్పై మూడా, నలభయ్యా?



టైర్లలో గాలి కొట్టే కుర్రాడు గొట్టం చేత్తో పట్టుకుని అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత కొట్టమంటారు సార్?" పెట్రోలు కారు నడిపినన్నాళ్లూ చాలామంది "నువ్వే చూసి కొట్టు బాబూ" అనేసి ఫోనులో తల దూర్చేవారు. అతను అన్ని కార్లకూ కొట్టే ముప్పయ్యో ముప్పై రెండో కొట్టి పంపేసేవాడు, కారూ నడిచేది. విద్యుత్ కారు కొన్నాక ఆ నిర్లక్ష్యం కాస్త తగ్గుతుంది. స్టీరింగు వెనకాల తెర మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో అంకె వెలుగుతూనే ఉంటుంది కదా. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటేసరికి ఆ అంకె మీదే ప్రాణమంతా ఉంటుంది. ఆ అంకెను పెంచడానికి చవకైన చిట్కా ఏదన్నా ఉందా అని వెతికితే, మొదట తగిలేది టైర్లలో గాలి. గట్టిగా కొడితే కారు తేలిగ్గా దొర్లుతుంది, తేలిగ్గా దొర్లితే బ్యాటరీ మిగులుతుంది అని ఎవరో ఒకరు చెబుతారు. ముప్పై మూడు కొట్టాల్సిన చోట నలభై కొట్టించుకునేవారు ఇలాగే తయారవుతారు. వాళ్ల తర్కంలో నిజం లేకపోలేదు. ఆ నిజం ఎంతుందో లెక్క కట్టి చూసి, దానికి చెల్లించే మూల్యం పక్కన పెట్టి తూచడమే ఈ ప్రసంగంలో నా పని.

ముందు ఒక సంగతి. కారు బరువును మోసేది రబ్బరని మనకు అనిపిస్తుంది కానీ, అసలు మోసేది లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచీ, అంతే. 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ బెల్ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి టైరు తొడిగినప్పుడు చేసిన పని అదే: గట్టి రబ్బరు మోస్తున్న బరువును తీసి గాలి నెత్తిన పెట్టాడు. అందుకే ఎంత బరువుకు ఎంత గాలి అన్నది అభిరుచికి వదిలేసే విషయం కాదు, లెక్కకు అందే విషయం. ఇద్దరు మనుషులతో కలిపి 1600 కిలోలు తూగే ఒక మోస్తరు విద్యుత్ కారును తీసుకుందాం. ఒక్కో చక్రం మీద 400 కిలోలు పడుతుంది. గాలి 33 పీఎస్‌ఐ ఉంటే, అంటే ప్రతి చదరపు అంగుళం మీద 33 పౌండ్ల ఒత్తిడి ఉంటే, ఆ 400 కిలోలను నిలబెట్టడానికి టైరు దాదాపు 170 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనాలి. 45 పీఎస్‌ఐ కొడితే 126 చాలు. 126 చదరపు సెంటీమీటర్లంటే మన తపాలా శాఖ పోస్టుకార్డు వైశాల్యం. టైరు పక్కగోడలకూ కాస్త బిగువు ఉంటుంది కనుక నిజంలో లెక్క ఇంత శుభ్రంగా కుదరదు, కానీ ఇంచుమించు ఇదే. మీరు బ్రేకు తొక్కినా, మలుపు తిప్పినా, వానలో ముందు లారీని తప్పించినా, ఆ పని చేసేవి నాలుగు పోస్టుకార్డులంత రబ్బరు ముక్కలు. వాటిని ఇంకా చిన్నవి చేసేముందు ఒక్క నిమిషం ఆగి ఆలోచించడం మంచిది.

ఇక తేలిగ్గా దొర్లడం సంగతి. గాలి తగ్గిన సైకిలు మీద వెనక బియ్యం బస్తా వేసి తొక్కడం ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేలకు ఆనిన చోట టైరు నలుగుతుంది, నేలను విడిచిన చోట మళ్లీ తేరుకుంటుంది. నలగడానికి తీసుకున్న శక్తినంతా తేరుకునేటప్పుడు రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఈ నలుగుడు, ఈ నష్టం. గాలి ఎక్కువుంటే నలుగుడు తక్కువ, కాబట్టి నష్టమూ తక్కువ. నేటి మంచి కారు టైరుకు ఈ నష్టం స్థూలంగా వెయ్యి కిలోల బరువుకు తొమ్మిది కిలోల లాగుడుతో సమానం. మన 1600 కిలోల కారుకు 14 కిలోలు. అంటే కారుకు తాడు కట్టి, ఆ తాడును గిలక మీదుగా వేలాడదీసి, చివర 14 కిలోల రాయి కడితే ఎంత లాగుడు ఉంటుందో, టైర్లు దొర్లడానికి అంత బలం కావాలి. ఇది చదునైన రోడ్డు మీద, మామూలు వేగంలో మాట.

గాలి పెంచితే ఈ 14 కిలోల్లో ఎంత తగ్గుతుంది? గాలి పది శాతం పెంచితే దొర్లుడు నష్టం నాలుగు శాతం దాకా తగ్గుతుందని టైర్ల పరీక్షల్లో తేలే లెక్క. 33ని 36 చేస్తే మిగిలేది అర కిలో లాగుడు. ఇప్పుడు బయటి గాలి నిరోధాన్ని చూడండి. ఇలాంటి కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలిని చీల్చడానికి దాదాపు 35 కిలోల లాగుడు కావాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 90కి దిగితే అది 28కి పడిపోతుంది. ఏడు కిలోలు మిగిలాయి. టైర్ల నష్టం మొత్తంలో సగాన్ని ఎవరో మంత్రం వేసి మాయం చేసినంత లాభం, యాక్సిలరేటరు మీద పాదం కాస్త ఎత్తినందుకే వచ్చింది. దాని ముందు మనం గాలి కొట్టించి సంపాదించిన అర కిలో ఎంత? రహదారి మీద కారు ఎదుర్కొనే మొత్తం నిరోధంలో అది ఒక్క శాతం. 300 కిలోమీటర్లు పోయే కారుకు మూడు పీఎస్‌ఐ పెంచితే మూడు కిలోమీటర్లు అదనం. పీఎస్‌ఐకి కిలోమీటరు చొప్పున, గుర్తుపెట్టుకోవడానికి తేలికే. పెట్రోలు కార్ల మీద అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ఇంతకన్నా చిన్నది: నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని వాళ్లంటారు. విద్యుత్ కారు బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని బ్యాటరీలోకి తిరిగి తీసుకుంటుంది కనుక, పోయేదాంట్లో టైర్ల వాటా కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి నిరోధం ఊసే ఉండదు కనుక ఆ వాటా ఇంకా పెరుగుతుంది. ఎంత పెరిగినా, ముప్పై మూడును నలభై చేసి సంపాదించేది పది కిలోమీటర్ల లోపే. దాదాపు మూడు వందల కిలోమీటర్ల ప్రయాణంలో ఏసీని ఒక మెట్టు తగ్గించినా, దాబా దగ్గర ఒక్క టీ ఎక్కువ తాగే పాటు ఛార్జింగు పెట్టినా వచ్చేది అంతే.

ఆ పది కిలోమీటర్లకు మనం ఇచ్చేదేమిటి? నేలను పట్టుకునే రబ్బరు వైశాల్యం తగ్గుతుంది, ముఖ్యంగా అంచుల్లో పట్టు తగ్గి బరువు మధ్య గీతల మీదకు చేరుతుంది. మధ్య భాగం ముందు అరుగుతుంది. విద్యుత్ కారుకు టైర్లు మామూలుగానే త్వరగా అరుగుతాయి. బరువు ఎక్కువ, పైగా మోటారు బలం మొదటి క్షణం నుంచే చక్రాల మీద పడుతుంది. అలాంటి టైరును చేజేతులా ఇంకా అరగదీసుకుంటే, మిగిలిన కరెంటు ఖర్చు కొత్త టైర్ల బిల్లులో కలిసిపోతుంది. గుంతలో పడినప్పుడు బిగుసుకుపోయిన టైరు ఒదిగిపోదు. దెబ్బ నేరుగా రిమ్ముకూ, సస్పెన్షనుకూ, అక్కణ్నుంచి మన నడుముకూ చేరుతుంది. వానాకాలం అయ్యాక మన రోడ్లు ఎలా ఉంటాయో శ్రోతలకు నేను వర్ణించాల్సిన పని లేదు. ఇంజిను చప్పుడు లేని కారులో టైరు చప్పుడే వినిపిస్తుంది, గాలి గట్టిగా కొడితే అదీ పెరుగుతుంది.

గట్టిగా కొట్టించుకునేవారి పక్షాన ఒక మంచి వాదన ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నీరు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోతే టైరు కింద నీరు చేరి కారును తేల్చేస్తుంది, స్టీరింగు తిప్పినా తిరగదు. 1960ల్లో నాసా వాళ్లు విమానాల చక్రాల మీద పరిశోధించి, ఇలా తేలిపోయే వేగం టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని సూత్రం కట్టారు. ఆ సూత్రం ప్రకారం గాలి ఎక్కువుంటే తేలే వేగమూ ఎక్కువే. నిజమే. అయితే అదే సూత్రాన్ని అటునుంచి చదవండి. 33 పీఎస్‌ఐ దగ్గర తేలే వేగం గంటకు 95 కిలోమీటర్లు, 24కి జారితే 81. గీతలు బాగున్న కారు టైరు విషయంలో నీటి లోతు, గీతల లోతు కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి ఈ అంకెల్ని అక్షరాలా పట్టుకోకూడదు. కానీ జోరువానలో అవుటర్ రింగ్ రోడ్డు మీద పోయే బండికి, ఉండాల్సిన గాలి కన్నా తొమ్మిది తక్కువుండటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అధికంగా కొట్టినందువల్ల నీటి మీద వచ్చే లాభం, తడి రోడ్డు మీద పట్టు తగ్గడంతో కొంత కొట్టుకుపోతుంది. తక్కువగా ఉన్నందువల్ల వచ్చే నష్టాన్ని మాత్రం పూడ్చేది ఏదీ లేదు.

నా వాదనలో బరువంతా ఈ రెండో వైపే ఉంది. రేంజి మోజులో పడి అధికంగా కొట్టించుకునేవారు వందలో కొందరైతే, చూడకుండా వదిలేసి తక్కువ గాలితో తిరిగేవారు చాలామంది. విద్యుత్ కారుకు ఈ నిర్లక్ష్యం పెట్రోలు కారు కన్నా ఎక్కువ చేటు చేస్తుంది, దానికి కారణం బ్యాటరీ బరువు. ఒకే మోడల్లో పెట్రోలు బండీ, విద్యుత్ బండీ రెండూ ఉంటే, విద్యుత్ బండి రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగడం మామూలే. టైరు పక్కగోడ మీద కొలతల తర్వాత 91 అని ఉందనుకోండి. అది బరువు సూచిక. ఆ టైరు 36 పీఎస్‌ఐ గాలితో 615 కిలోలు మోయగలదని దాని అర్థం. అయితే గాలి తగ్గినకొద్దీ మోయగల బరువూ తగ్గుతుంది. 26కి పడితే ఆ 615 కాస్తా సుమారు 475 అవుతుంది. ఇప్పుడు 1500 కిలోల బండిలో అయిదుగురు ఎక్కి, డిక్కీలో సంక్రాంతికి ఊరెళ్లే సామానంతా సర్దారనుకోండి. మొత్తం 1900 కిలోలు, చక్రానికి సగటున 475. సగటు అంటున్నాను. డిక్కీ నిండినప్పుడు వెనక చక్రాల మీద సగటు కన్నా ఎక్కువే పడుతుంది. ఇలా టైరు తన శక్తికి మించిన బరువుతో, ఎండలో, నాలుగు వరసల రోడ్డు మీద నాలుగైదు గంటలు నలుగుతూ పోతుంది. నలిగిన ప్రతిసారీ వేడి పుడుతుందని ఇందాకే చెప్పుకున్నాం. టైర్లు పేలేది ఎక్కువగా ఈ వేడికే.

కాబట్టి సరైన అంకె ఎక్కడ దొరుకుతుంది? డ్రైవరు వైపు తలుపు తీస్తే, తలుపు మూసుకునే స్తంభం మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది. ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత, ఇద్దరు ముగ్గురితో పోతే ఎంత, నిండు బరువుతో పోతే ఎంత అని అందులో ఉంటుంది. మీ కారు తూగే బరువు, అది ముందుకూ వెనక్కూ పంచుకున్న తీరు, వేసిన టైరు రకం, ఇవన్నీ చూసి కట్టిన లెక్క అది. పక్కింటివారి కారుకు, అదే కంపెనీ పెట్రోలు బండికి, ఇంటర్నెట్టులో చదివిన అమెరికా కారుకు ఉన్న అంకె మీకు వర్తించదు. టెస్లా మోడల్ 3 చీటీ మీద 42 ఉంటుంది. అది చూసి విద్యుత్ కార్లన్నిటికీ నలభై పైచిలుకు కొట్టాలనే పుకారు పుట్టింది. ఆ కారుకు వేసేవి అధిక భారం మోసే ఎక్స్‌ఎల్ రకం టైర్లు, అవి పూర్తి బరువు మోయడానికి 42 పీఎస్‌ఐ ప్రామాణికంగా పెట్టుకుని తయారైనవి. మామూలు రకానికి ఆ ప్రామాణికం 36. ఇందులో ఒక మెలిక ఉంది, టైర్ల దుకాణంలో దాన్ని ఎవరూ చెప్పరు. ఎక్స్‌ఎల్ టైరు గట్టిది కదా అని పాత గాలితోనే సరిపెడితే, మామూలు టైరు కన్నా అది ఎక్కువేమీ మోయదు. ఆ గట్టితనం గాలి పెంచితేనే పనికొస్తుంది. దీనికి తలకిందులుగా, ఎక్స్‌ఎల్ ఉన్న చోట రెండు వేలు తగ్గుతుందని మామూలు టైరు వేయించుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. టైరు మార్చేటప్పుడు కొలతతో పాటు బరువు సూచిక కూడా పాతదానికి తగ్గకుండా చూసుకోవాలి. ఇక టైరు పక్కగోడ మీద చిన్నక్షరాల్లో పోత పోసి ఉండే గరిష్ఠ ఒత్తిడి అంకె టైరు భరించగల హద్దు. కొలిచి కొట్టమని చెప్పే అంకె అది కాదు, ఎందుకంటే ఆ టైరు ఏ కారుకు తగిలిస్తారో టైరు చేసినవాడికి తెలియదు.

చీటీని గుడ్డిగా నమ్మమంటారా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే చీటీ మీది అంకె కూడా మనుషులు బేరసారాలు చూసుకుని రాసిందే. కుదుపు తక్కువుండాలని కొంత తగ్గిస్తారు, మైలేజీ బాగుండాలని కొంత పెంచుతారు. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండికి చీటీ మీద 26 ఉండేది. దానికి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టడం మొదలైంది, రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. తప్పు మీ టైరుదని ఒకరు, మీ బండిదీ మీ 26దీ అని మరొకరు వాదులాడుకున్నారు. ఆ టైర్ల నిర్మాణంలో లోపాలు ఉన్నాయని ప్రభుత్వ విచారణలో తేలింది, కాబట్టి నెపమంతా గాలి మీద వేయలేం. టైరు కంపెనీ మాత్రం తర్వాత 30 కొట్టుకోమని సలహా ఇచ్చింది. ఈ ఉదంతం నుంచి నేను తీసుకునేది ఇంతే: చీటీ అంకెకు రెండు పీఎస్‌ఐ పైన ఉండటంలో ఇబ్బంది లేదు, రెండు కింద ఉండటంలో ఉంది. నెలకోసారి చూసుకునేవారు చీటీ కన్నా ఒకటి రెండు ఎక్కువ కొట్టించుకుంటే, నెలాఖరుకు జారిన గాలి కూడా చీటీ అంకె కిందకు పోదు. ఆ పైన అయిదు, ఏడు పెంచడానికి నాకు కారణం కనబడదు.

ఆ ప్రమాదాలు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లో జరిగాయని గుర్తు చేస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నమ్మకం పాతుకుపోయింది. ఎండాకాలం టైర్లు పేలతాయి, కాబట్టి గాలి నాలుగు తగ్గించి కొట్టించుకోవాలి అంటారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండ చూసినవారికి ఆ భయం కలగడం సహజమే. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, అంతవరకూ నిజం. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 కొట్టిన టైరులో, రోడ్డు మీద పోయి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే, ఒత్తిడి 37, 38 అవుతుంది. ఆ పెరుగుదల ఉంటుందని తెలిసే చీటీ మీద చల్లగా ఉన్నప్పటి అంకె రాస్తారు, టైరు కూడా దాన్ని తట్టుకునేలాగే తయారవుతుంది. నాలుగు తగ్గించి బయల్దేరితే టైరు ఎక్కువ నలిగి, ఎక్కువ వేడెక్కి, తగ్గించిన ఒత్తిడిలో కొంత తిరిగి ఎలాగూ తెచ్చుకుంటుంది. ఒత్తిడి తగ్గలేదు సరిగదా, రబ్బరు మాత్రం అదనంగా ఉడికింది. దారిలో ఆపి చూస్తే 38 ఉందని భయపడి గాలి తీసేయడమూ ఇదే కోవలోది. మర్నాడు పొద్దున అది 28కి దిగి ఉంటుంది.

చల్లగా అంటే ఎప్పుడన్నది ఇక్కడే చెప్పుకోవాలి. కారు కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉన్నప్పుడు, వీలైతే తెల్లవారుజామున. మధ్యాహ్నం ఎండ ఒక పక్కన పడుతుంటే ఆ పక్క రెండు టైర్లు, నీడ పక్క రెండు టైర్లు వేరువేరు అంకెలు చూపిస్తాయి. రుతువు మారినప్పుడు తేడా ఇంకా పెద్దది. మే నెల పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 కొట్టించి, ఒక్క చుక్క గాలి కూడా కారకుండా ఉన్నా, జనవరిలో ఆదిలాబాదులో 10 డిగ్రీల తెల్లవారుజామున అదే టైరు 30 చూపిస్తుంది. రబ్బరు గుండా మెల్లగా బయటికి పోయే గాలి దీనికి అదనం. అందుకే ఏడాదిలో ఒక్కసారే చూసుకునే పనైతే దసరాకు ఆయుధపూజ చేసి నిమ్మకాయలు తొక్కించేటప్పటి కన్నా, చలి ముదిరిన మార్గశిరంలో చూసుకోవడం మేలు. నైట్రోజన్ పట్టిస్తే ఈ బెడద ఉండదని దుకాణాల్లో చెబుతారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి పెరగడంలో, చలికి తగ్గడంలో పొడి గాలికీ నైట్రోజన్‌కీ తేడా లేదు. కాస్త నెమ్మదిగా కారిపోతుంది, ఆ మాట నిజమే. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఏడాది పాటు టైర్లను నిలిపి ఉంచి చూస్తే, మామూలు గాలి టైర్లు సగటున 3.5 పీఎస్‌ఐ, నైట్రోజన్ టైర్లు 2.2 పీఎస్‌ఐ కోల్పోయాయి. ఏడాదికి ఒకటీ కాలు తేడా. ఉచితంగా పట్టిస్తే కాదనక్కర్లేదు, కానీ నైట్రోజనే కదా అని చూడటం మానేస్తే ఆ తేడా ఏ మూలకూ రాదు.

"ఇదంతా దేనికండీ, గాలి తగ్గితే తెర మీద లైటు వెలుగుతుంది కదా" అన్నది అన్నిటికన్నా బలంగా వినిపించే అభ్యంతరం. అమెరికాలో ఆ లైటు కొత్త కార్లకు తప్పనిసరి అయిందే ఇందాకటి ఫైర్‌స్టోన్ గొడవ తర్వాత చేసిన చట్టంతో. అక్కడి నిబంధన ఏమిటంటే, చీటీ అంకె కన్నా 25 శాతం తగ్గేసరికి హెచ్చరించాలి. 33కి 25 శాతం తీసేస్తే 25 కన్నా తక్కువ. అప్పటికి మనం లెక్క కట్టిన 26ను కూడా దాటిపోయాం. ఇల్లు కాలుతున్నప్పుడు మోగే గంట లాంటిది అది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పేది కాదు. చాలా విద్యుత్ కార్లు లైటుతో ఆగకుండా నాలుగు టైర్ల అంకెలూ విడివిడిగా చూపిస్తాయి. అలాంటి కారు ఉన్నవారికి పని సగం తగ్గినట్టే, ఒక్క షరతు మీద: పొద్దున బయల్దేరగానే మొదటి కిలోమీటరు లోపు ఆ అంకెలు చూడాలి. సాయంత్రం ఇల్లు చేరాక చూసి "అన్నీ 36 ఉన్నాయి, బ్రహ్మాండం" అనుకుంటే, అవి చల్లారాక 32 అన్నమాట.

విద్యుత్ కారు రాకతో మన అలవాట్లలో వచ్చిన ఒక మార్పును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. పెట్రోలు కారు వారానికోసారైనా బంకుకు పోయేది. అక్కడ గాలి ఉచితం, క్యూ లేకపోతే పెట్రోలుతో పాటు అదీ అయిపోయేది. రాత్రి ఇంటి గోడకు ప్లగ్గు పెట్టుకునే బండికి బంకు మొహం చూసే పనే లేదు. గాలి చూసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క సందర్భం పోయింది, దాని బదులు కొత్తది పుట్టలేదు. గట్టిగా కొట్టాలా, మెత్తగా కొట్టాలా అన్న చర్చ కన్నా ఈ పోయిన సందర్భమే పెద్ద సమస్య. దీనికి మందు చాలామంది డిక్కీలోనే పడి ఉంది. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, టైరు ఒత్తిడి హెచ్చరిక, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా పర్వాలేదన్నారు. బ్యాటరీకి చోటు కావలసిన విద్యుత్ కార్లలో కొన్ని ఆ వెసులుబాటు వాడుకున్నాయి. స్టెప్నీ స్థానంలో ఒక జిగురు సీసా, కారు సాకెట్టుకు తగిలించే చిన్న పంపు ఇస్తున్నాయి. కొన్ననాడు షోరూమువాళ్లు చూపించాక ఆ పంపును మళ్లీ బయటికి తీసినవారు అరుదు. పంక్చరు కోసం ఇచ్చారు గానీ, నెలకోసారి పొద్దున్నే ఇంటి ముందు, టైర్లు చల్లగా ఉండగా రెండు మూడు పీఎస్‌ఐ కలుపుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. అది లేనివారు విడిగా కొనుక్కున్నా ఒక్క టైరు ఖరీదులో చిన్న భాగమే అవుతుంది. దాని మీటరు ఒకటో రెండో తేడా చూపించవచ్చు. ఒకసారి నమ్మకమైన మీటరుతో పోల్చుకుని, ఆ తేడా కాగితం మీద రాసి చీటీ పక్కన అంటించుకుంటే సరిపోతుంది.

ప్రయాణం మధ్యలో టైరు మెత్తబడిందని అనుమానం వస్తే ఏం చేయాలన్నది ఒక్కటి మిగిలింది. రహదారి పక్క ఛార్జింగు స్టేషన్లలో కరెంటు గొట్టాలు ఉంటాయి, గాలి గొట్టం ఉన్నవి మాత్రం కొద్ది. ఛార్జింగు పెట్టి అరగంట కూర్చునే చోటు గాలి చూసుకోవడానికి బంకు కన్నా అనువైనది, అక్కడొక కంప్రెసరు పెట్టడం ఆ సంస్థలకు పెద్ద ఖర్చూ కాదు. అయితే వంద కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన టైరు ఉడికి ఉంటుంది, అరగంటలో పూర్తిగా చల్లారదు. అలాంటప్పుడు చీటీ అంకెకు నాలుగు కలిపి, అక్కడిదాకా నింపుకుని బయల్దేరవచ్చు. నాలుగు టైర్లలో ఒకటి మిగతా మూడింటి కన్నా బాగా తక్కువుంటే అది వేడికీ చలికీ సంబంధించినది కాదు, ఎక్కడో మేకు దిగి ఉంటుంది. దానికి గాలి కన్నా ముందు పంక్చరు షాపు కావాలి. అలాంటిదేమీ లేకపోతే ఊరు చేరి పడుకుని, మర్నాడు ఎండ ఎక్కకముందే, బండి తాళం తీయకముందే, మళ్లీ ఒకసారి మీటరు పెట్టి చూసుకోవాలి.